ఫంక్ రాక్ అంటే రాక్‌కి స్లాప్ బేస్ తగిలించడం కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఫంక్ రాక్ మీద, అంటే అమెరికా నల్లజాతి వాళ్ల ఫంక్ లయనూ రాక్ గిటార్ మోతనూ కలిపిన సంగీతం మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగులో ఈ సంగీతానికి ఒక నిండు పేజీ దక్కడం సంతోషం కలిగించింది. కానీ అందులో రెండు మాటలు అలా వదిలేయదగ్గవి కావు. ఫంక్ రాక్ 1980లలో కాలిఫోర్నియా కుర్రాళ్ల చేతుల్లో పుట్టిందన్నది ఒకటి. రాక్ గిటార్‌కి స్లాప్ బేస్, అంటే బేస్ గిటార్ తీగలను వేళ్లతో కొట్టీ లాగీ వాయించే పద్ధతి, తోడైతే అదే ఫంక్ రాక్ అన్నది రెండోది. మొదటి మాట చరిత్రలో పదిహేనేళ్లను, ఆ పదిహేనేళ్లలో పని చేసిన నల్లజాతి సంగీతకారులను మింగేసింది. రెండో మాట చేసే చెరుపు ఇంకా ఎక్కువ. దాన్ని నమ్మి ఏ కుర్ర బ్యాండ్ అయినా రిహార్సల్‌కి దిగితే గంటలో చెవులు గింగురుమంటాయి, ఒళ్లు ఊగించే ఆ లయ, గ్రూవ్ మాత్రం పట్టుబడదు. తప్పు తమ వేళ్లలో ఉందనుకుంటారు పాపం.

ఫంక్ బతికేది స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీలో. రాక్ గిటార్ మోతను గరుకుగా, మందంగా మార్చే డిస్టార్షన్ చేసే పనే ఖాళీని పూడ్చడం. రెండింటినీ ఒకే గదిలో పెడితే తగవు తప్పదు. 1969 ప్రాంతం నుంచి వచ్చిన మంచి ఫంక్ రాక్ రికార్డులన్నీ ఆ తగవును ఒక్కొక్కరు ఒక్కో రకంగా తీర్చిన రికార్డులే. ఈ సంగతి చెప్పకుండా పేర్లూ ఆల్బమ్‌లూ వరస పెడితే పాఠకుడికి ఏం వినాలో తెలియదు.

ముందు లయ సంగతి. నాలుగు బీట్ల ఆవర్తం తీసుకోండి. ఒక్కో బీట్‌ను నాలుగు మాత్రలు చేస్తే, అంటే చతురశ్ర నడకలో, పదహారు గదులు వస్తాయి. నిమిషానికి 100 బీట్ల వేగంలో ఒక్కో గది నిడివి 150 మిల్లీసెకన్లు. మామూలు రాక్ పాటలో హై హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) ఆ పదహారులో ఎనిమిది గదుల్లో పడుతుంది, స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్) 2, 4 బీట్ల మీద పేలుతుంది, గిటార్ ఆ ఎనిమిదినీ కప్పేస్తుంది. ఫంక్‌లో పదహారు గదులూ వాయించేవాళ్ల ఒంట్లో నడుస్తూనే ఉంటాయి, పైకి గట్టిగా వినిపించేవి మాత్రం కొన్నే. మొదటి గది అందరి ఉమ్మడి ఆస్తి. ఫంక్‌కు పునాది వేసిన గాయకుడు జేమ్స్ బ్రౌన్ దాన్ని 'ద వన్' అన్నాడు. మన సంగీతంలో సమం అంటామే, అది. ఆయన పాటలు 1965లో 'పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్', 1967లో 'కోల్డ్ స్వెట్' వచ్చాక బరువు 2, 4 బీట్ల మీద నుంచి సమం మీదికి జరిగింది. సమం మీద అందరూ కలుస్తారన్న భరోసా ఉంది కాబట్టే మిగతా పదిహేను గదుల్లో ఎవరి దారిన వాళ్లు తిరగగలిగారు.

'కోల్డ్ స్వెట్'లో డ్రమ్స్ వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ ఎడమ చేతిని ఒక్కసారి గమనించి వినండి. స్నేర్ పెద్ద దెబ్బల మధ్య చిన్న చిన్న గుసగుసలు ఉంటాయి. వాటినే ఘోస్ట్ నోట్స్ అంటారు. కర్ర కొన డ్రమ్ తోలుకి అంగుళం, అంగుళంన్నర ఎత్తులోంచి జారినట్టు పడాలి. పెద్ద దెబ్బ మాత్రం ఎనిమిది పది అంగుళాల ఎత్తు నుంచి, తోలునూ ఇనుప అంచునూ ఒకేసారి తాకుతూ రావాలి. రాక్ నుంచి వచ్చిన డ్రమ్మర్లు చేసే మొదటి పొరపాటు ఇక్కడే. ఘోస్ట్ నోట్స్ నేర్చుకున్నామన్న ఉత్సాహంలో వాటిని సగం బలంతో కొడతారు. అప్పుడు పెద్దదీ చిన్నదీ తేడా తెలియక స్నేర్ అంతా ఒక మూకుమ్మడి దడదడ అవుతుంది. ఆయన 1970లో విడుదలైన 'ఫంకీ డ్రమ్మర్'లో వాయించిన కొద్ది సెకన్ల డ్రమ్ ముక్కను తర్వాత హిప్ హాప్ వాళ్లు లెక్కలేనన్ని రికార్డుల్లో వాడుకున్నారు. పాట మీద రచయితగా ఆయన పేరు లేదు. 2017లో పోయాడు. అలాంటి మనిషిని ప్రస్తావించడానికి వ్యాసంలో ఒక వాక్యం చాలు, ఆ వాక్యం లేదు.

ఈ గుసగుసలను చంపేది చాలాసార్లు డ్రమ్మర్ కాదు, మిక్సర్ దగ్గర కూర్చున్న సౌండ్ ఇంజనీర్. రాక్ అలవాటు ప్రకారం స్నేర్ మైక్ మీద నాయిస్ గేట్ పెడతాడు. గేట్ అంటే ఫలానా మట్టం కన్నా తక్కువ శబ్దం వస్తే తలుపు మూసేసేది. స్నేర్ మైక్‌లోకి హై హ్యాట్ దూరకుండా చూడటం దాని పని. కానీ ఘోస్ట్ నోట్ బలం ఆ మట్టం కన్నా తక్కువే కాబట్టి దాన్నీ శుభ్రంగా తుడిచేస్తుంది. స్టేజి మీద డ్రమ్మర్ ప్రాణం పెట్టి వాయిస్తుంటాడు, హాల్లో వాళ్లకి 2, 4 మాత్రమే వినిపిస్తాయి. గేట్ తీసేయడం ఉత్తమం. తప్పనిసరైతే తలుపు పూర్తిగా మూయకుండా, ఆరు నుంచి పది డెసిబెల్స్ మాత్రమే తగ్గించేలా రేంజ్ పెట్టుకోవాలి. ఇంకో వైపు నుంచి, గట్టి శబ్దాలను అణిచి బలాలను దగ్గర చేసే కంప్రెసర్‌తోనూ ప్రమాదం ఉంది. గట్టిగా బిగిస్తే పెద్ద దెబ్బ అణిగి, గుసగుస పైకి లేచి, మళ్లీ అదే దడదడ.

ఇక స్లాప్ బేస్. దీన్ని ఎలక్ట్రిక్ బేస్ మీద స్థిరపరిచింది లారీ గ్రాహమ్. 1980ల కుర్రాళ్లు చిన్నపిల్లలుగా ఉన్నప్పటి సంగతి ఇది. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో తల్లితో కలిసి వాయించే రోజుల్లో వాళ్లకి డ్రమ్మర్ లేడు. ఆ లోటు తీర్చడానికి బొటనవేలితో లావు తీగను దబ్బున కొడితే కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), చూపుడువేలితో సన్న తీగను లాగి వదిలితే స్నేర్ అన్నట్టు వాయించడం మొదలుపెట్టాడు. స్లై స్టోన్ బ్యాండ్ స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్‌లో చేరాక 1969 డిసెంబర్‌లో వచ్చిన 'థాంక్ యూ' పాటలో ఆ దెబ్బ లోకమంతా విన్నది. కాబట్టి స్లాప్ అంటే వేళ్ల సర్కస్ కాదు, లేని డ్రమ్మర్ చోటు నింపడానికి వచ్చిన పద్ధతి. డ్రమ్మర్ ఉన్న బ్యాండ్‌లో స్లాప్ వాయించేటప్పుడు ఈ పుట్టుక గుర్తుంటే చాలు, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. కిక్ పడుతున్న గదిలోనే బొటనవేలూ పడాలి, లేదా కిక్ లేని గదిలో పడి దానికి జవాబు చెప్పాలి. రెండూ కాక ఇరవై మిల్లీసెకన్లు అటూ ఇటూగా పడితే జోడు గుర్రాల బండి ఒరిగినట్టు ఉంటుంది.

చేతి సంగతి కొంచెం దగ్గరగా చెబుతాను. బొటనవేలి కణుపు పక్కన ఎముక తగిలే భాగంతో, ఫ్రెట్ బోర్డు చివరి ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) దగ్గర కొట్టాలి. కదలిక మోచేతిది కాదు, మణికట్టుది. తాళం చెవి తిప్పినట్టు తిరగాలి. కొట్టిన మరుక్షణం వేలు వేడి పెనాన్ని తాకినట్టు వెనక్కి రావాలి. వేలు తీగ మీద ఉండిపోతే స్వరం పుట్టకముందే చస్తుంది. లాగే వేలిని తీగ కిందికి మొదటి కణుపు దాకా దూర్చేవాళ్లు ఉన్నారు. కొన మాత్రం తగిలిస్తే చాలు. ఎక్కువ లాగితే తీగ ఫ్రెట్లకి కొట్టుకుని గరిట కింద పడ్డ చప్పుడొస్తుంది. ఎడమ చేతి పని సగానికి సగం తీగలు మోగకుండా చూడటమే. వాయిస్తున్న వేలు కాక మిగతా వేళ్లు తక్కిన తీగల మీద తేలిగ్గా వాలి ఉండాలి.

వాద్యం సరిగా సర్దకపోతే ఎంత సాధన చేసినా వృథా. కొత్త రౌండ్‌వౌండ్ తీగలు (గుండ్రటి తీగ చుట్టినవి), మామూలు నాలుగు తీగల బేస్‌కి 45 నుంచి 105 మందం సెట్. నెక్ వంపు చూడటానికి లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ మీద ఖాళీ కొలవాలి. 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే మంచిది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు లావు తీగకి 2 మిల్లీమీటర్లు, సన్న తీగకి 1.5. ఎత్తు ఎక్కువైతే బొటనవేలు ఎంత కొట్టినా తీగ ఫ్రెట్‌ను తాకదు, ఆ లోహపు మెరుపు రాదు. మరీ తక్కువైతే ప్రతి స్వరం గీరుకుంటుంది. నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ, ట్రస్ రాడ్ తిప్పాల్సివస్తే ఒకసారికి పావు చుట్టు మించకూడదు. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి, కొలిచి, అప్పుడే ఇంకో పావు.

ఇప్పుడు అసలు తగవుకి వద్దాం. డిస్టార్షన్ అంటే సిగ్నల్ శిఖరాలను కోసేయడం. శిఖరం తెగాక దెబ్బ మొదటి క్షణానికీ తర్వాతి మోతకీ బలంలో తేడా పోతుంది, స్వరం సాగుతుంది. రాక్ సోలోకి అది వరం. 150 మిల్లీసెకన్ల గదుల్లో ఒకటి నిండుగా ఒకటి ఖాళీగా ఉండాల్సిన చోట అది శాపం. ఇంతటితో అయిపోలేదు. రెండు స్వరాలు కలిసి డిస్టార్షన్‌లోకి వెళితే వాటి మొత్తమూ తేడాలూ కొత్త స్వరాలుగా పుడతాయి.

ఒక్క ఉదాహరణ. ఫంక్ గిటారిస్ట్ రోజూ పట్టే 'ఈ' (E) నైన్త్ కార్డ్‌ను, అంటే ఒకేసారి మోగించే ఒక స్వరాల గుంపును, ఏడో ఫ్రెట్ దగ్గర పట్టుకుంటే అందులో జీ షార్ప్ 207.65 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు), డీ 293.66 హెర్ట్జ్ ఉంటాయి. వాటి తేడా 86 హెర్ట్జ్. ఆ 86 దాదాపు ఎఫ్ స్వరం. అంటే ఈ కార్డ్ కింద, సరిగ్గా బేస్ తిరిగే మట్టంలో, ఎవరూ వాయించని ఎఫ్ ఒకటి గురగురలాడుతుంది. బేస్ వాయించే మనిషి అక్కడే 'ఈ' (E) స్వరం, 82.4 హెర్ట్జ్, పట్టుకుని ఉంటాడు. ఆ రెండూ కొట్టుకుంటాయి. అదే గిటారిస్ట్ 'ఈ', 'బీ' (E, B) రెండు స్వరాలే పట్టుకుంటే, అంటే రాక్ వాళ్ల పవర్ కార్డ్ అయితే, 164.8, 246.9 హెర్ట్జ్‌ల మధ్య తేడా 82.1. అది 'ఈ' (E) స్వరమే, ఒక స్థాయి కింద. బేస్‌కి బలమే తప్ప అడ్డం లేదు. రాక్ వాళ్లు రెండు స్వరాల కార్డ్‌లకు, ఫంక్ వాళ్లు డిస్టార్షన్ లేని శుభ్రమైన ఆంప్‌కు (యాంప్లిఫయర్‌కు) ఎందుకు అతుక్కుపోయారో ఈ రెండు తీసివేతల్లో ఉంది. నైన్త్ కార్డ్ మీద పెడల్ తొక్కి బురద బురదగా వస్తోందని ఆంప్‌ను తిట్టుకునేవాళ్లకి ఈ లెక్క ఒకసారి చూపించాలి.

ఈ ముడిని మొదట విప్పినవాళ్లలో గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ ఉన్నాడు. 1969 చివరి రాత్రీ 1970 మొదటి రాత్రీ న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో బిల్లీ కాక్స్ బేస్‌తో, బడ్డీ మైల్స్ డ్రమ్స్‌తో వాయించిన కచేరీల నుంచి 'బ్యాండ్ ఆఫ్ జిప్సీస్' ఆల్బమ్ వచ్చింది. అక్కడ బేస్, డ్రమ్స్ కదలకుండా ఒకే చట్రం పట్టుకుని ఉంటాయి. గిటార్ కార్డ్‌లు వదిలేసి ఒంటి స్వరాల రిఫ్‌గా, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వర వరసగా, బేస్‌తో జత కడుతుంది. ఒంటి స్వరానికి తేడా స్వరాల బెడద లేదు, ఎంత డిస్టార్షన్ అయినా తట్టుకుంటుంది. ఆపాల్సిన గదిలో అరచేతితో తీగను ఆపితే ఖాళీ మిగులుతుంది. ఆ తర్వాతి ఇరవై ఏళ్ల ఫంక్ రాక్ రిఫ్‌లకి ఇదే మూసకట్టు.

జార్జ్ క్లింటన్ బృందం ఫంకడెలిక్ మరో దారి పట్టింది. 1971 నాటి 'మ్యాగట్ బ్రెయిన్' మొదటి పాటలో ఎడ్డీ హేజెల్ గిటార్ పది నిమిషాల పాటు ఒంటరిగా ఏడుస్తుంది. మిగతా వాద్యాలను క్లింటన్ మిక్స్‌లో దాదాపు తీసేశాడు. అంటే డిస్టార్షన్‌కు చోటు కావాలంటే గ్రూవ్‌ను పక్కకు జరపడం. అదే ఆల్బమ్‌లో వేరే పాటల్లో గ్రూవ్ నడుస్తుంటే గిటార్ తగ్గి ఉంటుంది. 1978కి వచ్చేసరికి వాళ్లు ఏకంగా ఫంక్ బ్యాండ్‌కి రాక్ వాయించడం చేతకాదని ఎవరన్నారంటూ ఒక పాటకే ఆ ప్రశ్నను పేరుగా పెట్టారు. ఆ ప్రశ్న వెనక మంట ఉంది. అమెరికా రేడియో అప్పటికి తెల్లవాళ్ల రాక్, నల్లవాళ్ల సోల్ అని గీత గీసేసింది. గిటార్ ఎంత గట్టిగా మోగినా నల్లవాళ్ల బ్యాండ్‌కు రాక్ స్టేషన్‌లో తలుపు తెరుచుకునేది కాదు. గాయని బెట్టీ డేవిస్ 1973లో మొదటి ఆల్బమ్ తెచ్చింది. ఇప్పుడు వింటే ఫంక్ రాక్‌కి అంతకన్నా సూటి నమూనా దొరకడం కష్టం, అప్పట్లో మాత్రం అమ్ముడుపోలేదు. ఈ గీత 1980ల దాకా ఎంత బలంగా ఉందంటే, 1985లో న్యూయార్క్‌లో గిటారిస్ట్ వెర్నన్ రీడ్ మరికొందరితో కలిసి నల్లజాతి రాక్ సంగీతకారుల కోసం బ్లాక్ రాక్ కోయలిషన్ అనే సంఘం పెట్టాల్సివచ్చింది. ఆయన బ్యాండ్ లివింగ్ కలర్ మొదటి ఆల్బమ్ 'వివిడ్' 1988లో వచ్చింది. మీ వ్యాసం 1980లను ఆరంభం అనడం నాకు బాధ కలిగించింది ఇందుకే. అది ఆ గీతను మళ్లీ గీసినట్టయింది.

ఐస్లీ బ్రదర్స్ 1973లో చేసింది మరీ తేలికైన పరిష్కారం, అందుకే మరీ అందమైనది. 'దట్ లేడీ'లో తాళం పట్టే వాద్యాలన్నీ శుభ్రంగా, పలచగా ఉంటాయి. ఎర్నీ ఐస్లీ ఫజ్ (బాగా గరుకైన డిస్టార్షన్) గిటార్ వాటిపైన గొంతులా సాగుతుంది. పనులు పంచుకుంటే తగవే రాదు.

గిటార్ బదులు కీబోర్డు వాడటం ఇంకో ఉపాయం. హోనర్ క్లావినెట్ అనే వాద్యంలో లోపల నిజంగానే తీగలు ఉంటాయి. మీట నొక్కితే రబ్బరు ముక్క తీగను లోహపు దిమ్మెకు అదుముతుంది, వదలగానే తీగ చివర చుట్టిన నూలు దాని మోతను ఆపేస్తుంది. వేలు లేస్తే శబ్దం తెగుతుంది. ఫంక్‌కి కావలసిన ఖాళీని యంత్రమే కత్తిరించి ఇస్తుందన్నమాట. పైగా గిటార్‌కు ఉన్నట్టే తీగ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు ఉన్నాయి కాబట్టి గిటార్ ఆంప్‌కి, వా పెడల్‌కి తగిలించవచ్చు. స్టీవీ వండర్ 1972లో 'సూపర్‌స్టిషన్', 1973లో 'హయ్యర్ గ్రౌండ్' దీని మీద కట్టాడు. రెండో పాటలో మ్యూ-ట్రాన్ త్రీ అనే ఎన్వలప్ ఫిల్టర్ (వాయించే బలాన్ని బట్టి శబ్దపు రంగు మార్చే పెట్టె) ఉంది. 1972 ప్రాంతంలో వచ్చిన ఆ పెట్టె, ఎంత గట్టిగా వాయిస్తే అంత నోరు తెరుస్తుంది.

ఎన్వలప్ ఫిల్టర్ కొన్నవాళ్లలో చాలామంది అది పని చేయట్లేదని వాపోవడం వింటుంటాం. పెట్టె బాగానే ఉంటుంది. వైర్ల వరసలో దాన్ని కంప్రెసర్ తర్వాతో డిస్టార్షన్ తర్వాతో పెట్టి ఉంటారు. ఆ రెండూ శబ్దాన్ని ఒకే మట్టానికి తెచ్చేస్తాయి. గట్టి దెబ్బకీ మెత్తటి దెబ్బకీ తేడా తెలియకపోతే ఫిల్టర్‌కు ఎప్పుడు తెరుచుకోవాలో తెలియదు. గిటార్ నుంచి వచ్చే మొదటి వైరు నేరుగా దానిలోకే పోవాలి. ఆ తర్వాత మిగతావి.

శుభ్రమైన గిటార్‌తో తాళం పట్టేవాళ్లకి నాలుగు మాటలు. కుడి చేయి పదహారు గదుల్లోనూ కిందికీ పైకీ ఆగకుండా ఆడుతూనే ఉండాలి. ఏ గదిలో మోగాలో నిర్ణయించేది ఎడమ చేయి. నొక్కితే కార్డ్, వదిలి తాకి ఉంటే 'చిక్' అనే పొడి చప్పుడు. జేమ్స్ బ్రౌన్ గిటారిస్ట్ జిమ్మీ నోలెన్ పట్టిన ఈ పద్ధతికి చికెన్ స్క్రాచ్ అని పేరు. మోగని గదుల్లో చేతిని ఆపేస్తే తర్వాతి దెబ్బ కచ్చితంగా తొందరపడుతుంది. తీగలను ఒక్క వేలితో ఆపకూడదు. ఐదో ఫ్రెట్, ఏడో ఫ్రెట్, పన్నెండో ఫ్రెట్ మీద ఒక్క వేలు తగిలితే గంట లాంటి హార్మోనిక్ మోగి పొడి చప్పుడును పాడుచేస్తుంది. కనీసం రెండు వేళ్లు వాలాలి. ఆరు తీగలూ అక్కర్లేదు, సన్న తీగలు మూడు నాలుగు చాలు. పిక్ పలచనిది, 0.6 మిల్లీమీటర్లు. స్ట్రాటోకాస్టర్ లాంటి గిటార్ అయితే పికప్‌లను ఎంచుకునే స్విచ్ రెండో స్థానంలోనో నాలుగో స్థానంలోనో పెట్టాలి. మిక్సర్‌లో 100 నుంచి 120 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయాలి. ఒక్కడే వింటే గిటార్ పీలగా ఉందనిపిస్తుంది, బేస్ తోడయ్యాక ఆ పీలదనమే అందం.

1979లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ బ్యాండ్ గ్యాంగ్ ఆఫ్ ఫోర్ మొదటి ఆల్బమ్ 'ఎంటర్‌టైన్‌మెంట్!' వచ్చింది. గిటారిస్ట్ ఆండీ గిల్ వాల్వ్ ఆంప్‌ల వెచ్చదనం వద్దనుకుని ట్రాన్సిస్టర్ ఆంప్‌లు వాడాడు. గాజు పెంకుల్లాంటి ఆ గిటార్ మోతలో ఖాళీలు చెక్కుచెదరకుండా మిగిలాయి. రాక్ దూకుడు రావడానికి డిస్టార్షన్ ఒక్కటే మార్గం కాదని ఆ రికార్డు చూపించింది.

ఇక మీ వ్యాసం నిండా ఉన్న కాలిఫోర్నియా బ్యాండ్ రెడ్ హాట్ చిలీ పెప్పర్స్. వాళ్ల గొప్పదనాన్ని నేను తగ్గించడం లేదు. కానీ వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్లే దాచుకోలేదు. 1985లో వచ్చిన 'ఫ్రీకీ స్టైలీ' ఆల్బమ్‌కు నిర్మాత స్వయానా జార్జ్ క్లింటన్. జేమ్స్ బ్రౌన్ దగ్గర వాయించిన మేసియో పార్కర్, ఫ్రెడ్ వెస్లీ అందులో బాకాలు ఊదారు. స్లై స్టోన్ పాట ఒకటి, న్యూ ఆర్లీన్స్ బ్యాండ్ ద మీటర్స్ పాట ఒకటి మళ్లీ పాడారు. శిష్యరికానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఆ బ్యాండ్ చరిత్రలో అసలు పాఠం 1989కీ 1991కీ మధ్య ఉంది. 1989 నాటి 'మదర్స్ మిల్క్'లో గిటార్ మందంగా, పొరల మీద పొరలుగా ఉంటుంది. అలా ఉండాలని నిర్మాత మైకేల్ బైన్‌హార్న్ పట్టుబట్టాడు, గిటారిస్ట్ జాన్ ఫ్రూషియాంటేకి అది నచ్చలేదు. వింటే ఎందుకో తెలుస్తుంది. బేస్ వాయించే ఫ్లీ చేతిలో బేస్ గంతులేస్తుంటుంది, గిటార్ గోడ దాన్ని కప్పేస్తుంటుంది. 1991లో రిక్ రూబిన్ నిర్మాతగా లాస్ ఏంజిలిస్‌లోని ఒక పాత బంగళాలో 'బ్లడ్ షుగర్ సెక్స్ మ్యాజిక్' రికార్డు చేశారు. గిటార్ పొడిగా, పలచగా అయింది. ఫ్లీ స్లాప్‌ను బాగా తగ్గించి వేళ్లతో వాయించాడు. స్లాప్ తగ్గితే ఫంక్ పెరిగింది. మీ నిర్వచనం ప్రకారం ఇది జరగకూడదు.

మరుసటి ఏడాది, 1992లో రేజ్ అగెనెస్ట్ ద మెషీన్ అనే బ్యాండ్ తన మొదటి ఆల్బమ్‌లో డిస్టార్షన్‌ను తగ్గించకుండానే గెలిచింది. లావు తీగను ఒక మెట్టు దించి డీ చేసుకున్నారు. బేస్ మీద అది 36.7 హెర్ట్జ్. గిటార్, బేస్ ఒకే రిఫ్ వాయిస్తాయి, ఒకే గదిలో ఆగుతాయి. ఆగినప్పుడు గదంతా ఆగుతుంది. గిటారిస్ట్ టామ్ మొరెల్లో ఒక పికప్ వాల్యూమ్‌ను సున్నాలో, రెండోదాన్ని పూర్తిగా పెట్టి మధ్య స్విచ్‌ను టకటక కొడతాడు. శబ్దం, మౌనం, శబ్దం, మౌనం. డిస్టార్షన్ పూడ్చిన ఖాళీని స్విచ్‌తో మళ్లీ తవ్వడం అది. వాల్యూమ్ ఒక్కటే ఉన్న గిటార్ మీద ఇది కుదరదు, రెండు విడి వాల్యూమ్‌లు ఉండాలి.

ఈ సంగీతం పట్టుకోవాలనుకునే బ్యాండ్‌లకు రిహార్సల్ పద్ధతి ఒకటి చెప్పి ముగిస్తాను. మొదటి పావుగంట బేస్, డ్రమ్స్ మాత్రమే. మెట్రోనోమ్‌ను ఆవర్తానికి ఒక్కసారి, సమం మీద మాత్రమే మోగేలా పెట్టుకోవాలి. 90 వేగంలో నాలుగు బీట్లు కొట్టే మెట్రోనోమ్‌ను 22.5కి దించడమన్నమాట. అంత తక్కువకు దిగని యంత్రమైతే మొదటి బీట్ తప్ప మిగతావి మూయాలి. మధ్యలో ఎవరూ దారి చూపరు కాబట్టి ఎవరు తొందరపడుతున్నారో రెండు నిమిషాల్లో బయటపడుతుంది. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. బేస్ కంప్రెసర్ వాడుతుంటే నిష్పత్తి 4:1, అటాక్ (అణచడం మొదలవడానికి పట్టే సమయం) 20 నుంచి 30 మిల్లీసెకన్లు. అంతకన్నా వేగంగా పట్టుకుంటే బొటనవేలి దెబ్బే మాయమవుతుంది. రిలీజ్ (అణచడం వదలడానికి పట్టే సమయం) 100 నుంచి 150. ఒక గది నిడివి దాటితే తర్వాతి స్వరం అణిగి వస్తుంది. బేస్‌కి డిస్టార్షన్ కావాలంటే సిగ్నల్‌ను రెండుగా చీల్చి, 200 హెర్ట్జ్ పైన ఉన్నదానికే ఇవ్వాలి, కిందిది శుభ్రంగా వదలాలి. ఆ తర్వాతే గిటార్ లోపలికి రావాలి. డిస్టార్షన్ పెంచే గెయిన్ మీట సోలోకి పెట్టుకునేదాంట్లో సగానికి దించి మొదలుపెట్టాలి. పాడేవాళ్లు అన్నిటికన్నా చివర.

మీ పాఠకులకు వినమని ఒక్క జంట సూచించమంటే, 'హయ్యర్ గ్రౌండ్' రెండు రూపాలు సూచిస్తాను. 1973లో స్టీవీ వండర్ క్లావినెట్ మీద వాయించినదాన్ని 1989లో ఫ్లీ బేస్ స్లాప్‌తో వాయించాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చేత్తో తాళం వేస్తూ, ఏ ఏ గదులు ఖాళీగా ఉన్నాయో రెండింట్లోనూ లెక్కపెట్టమనండి.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే స్లాప్ బేస్ ప్రస్తావన పక్కన లారీ గ్రాహమ్ పేరు, 1969 సంవత్సరం వేయండి. ఆరంభకుల జాబితాలో స్లై స్టోన్ పేరు మొదట ఉండాలి. ఆయన 2025 జూన్‌లో కన్నుమూశాడు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు